పెట్టె అంచున పంటిగాట్లు

మంచివాడు పోతే జనానికి మాటలు తన్నుకొస్తాయి. అన్నయ్య పోయిన మూడో నెలలో సంస్మరణ సభ పెడదామని పాటల సంఘం వాళ్లు అనుకున్నారో లేదో, లావుపాటి రిజిస్టరొకటి తెచ్చి ముందుగదిలో బల్ల మీద పడేసి వెళ్లారు. వచ్చిపోయేవాళ్లు అతని గురించి తోచింది అందులో రాయాలి. వాటిలోంచి మంచివి ఏరి సభలో చదివే పని చెల్లెలిది.

ఏరడానికేముంది, అన్నీ మంచివే. పైగా అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట రాశారు: అతనిలా ఎదుటివాళ్ల గోడు వినేవాడు ఇంకొకడు లేడని. "మా అమ్మాయి సంగతి చెప్పుకుని గంటసేపు ఏడ్చాను. తల పక్కకి తిప్పకుండా నా మొహంలోకే చూస్తూ విన్నాడు" అని బట్టలకొట్టాయన రాశాడు. "నేను మాట్లాడుతుంటే చేతిలో పని ఆపేసేవారు. ఈ రోజుల్లో అంత మర్యాద ఎవరిస్తారండీ?" అని ఎదురింటి నర్సు రాసింది. "గొంతు ఎంత మెత్తనో! ఈ రెండేళ్లలో మరీ మెత్తబడింది, పక్కన కూర్చుంటేగానీ వినపడేది కాదు" అని పోస్టుమాన్ రాశాడు. చెల్లెలు అవన్నీ చదువుతూ ఏడ్చేది, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేది. నా అన్నయ్య, నా అన్నయ్య అని ఆ రిజిస్టరుని ఒళ్లో పెట్టుకుని తిరిగింది.

ఆ ముందుగదే వాళ్ల దుకాణం. హార్మోనియంలు బాగుచేయడం నాన్న నాటి నుంచీ వస్తున్న పని. నాన్న పోయాక శ్రుతి చేసే పని అన్నయ్యకీ, తిత్తులు కట్టే పని చెల్లెలికీ వచ్చాయి. తిత్తి అంటే హార్మోనియం పెట్టె వెనక గాలి కొట్టే మడతలు. తోలు కోసి, గుడ్డ అంటించి, మడత మడతకీ జిగురు ఆరేదాకా కాచుకుని కూర్చోవాలి. అది ఓపిక ఉన్న ఎవరైనా చేస్తారు. శ్రుతి అలా కాదు. వేలితో నొక్కే ఒక్కో మెట్టు కింద గాలికి మోగే ఇత్తడి రీడ్లు రెండేసి ఉంటాయి. రెండూ ఒకే స్వరం పలకాలి. రీడు కొస గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు గీకితే కిందికి దిగుతుంది. ఒక్క గీత ఎక్కువ గీకామా, ఆ రీడు తీసి పారేయాల్సిందే. అన్నయ్య చేతిలో ఒక్క రీడు పాడవలేదు. ఇదిగో, ఈ చివరి రెండేళ్లలో కూడా పాడవలేదు.

వాడి చెవి గురించి ఇంట్లో ఎన్ని కథలో! చిన్నప్పుడు పక్కింట్లో పళ్లెం కిందపడితే అది ఏ స్వరమో చెప్పేవాడు. పళ్లెం పడేసిన పిల్లని వాళ్లమ్మ తిడుతుంటే ఆ తిట్టు ఏ స్వరంలో మొదలై ఏ స్వరంలో ఆగిందో కూడా చెప్పేవాడు. అలా చెప్పినందుకు వాడి వీపు చిట్లేది. అయినా మళ్లీ చెప్పేవాడు.

పాట తర్వాత అతనికి తెలిసింది మంచితనమే. ఎవరి తప్పయినా నెత్తిన వేసుకోవడం పుట్టుకతో వచ్చింది. ఆమెకి ఆరేళ్లప్పుడు, పెట్టె వాయించే తన వంతు ఇవ్వలేదని అన్నయ్యని ఇంటి మెట్ల మీంచి తోసేసింది. పైవరస ముందుపన్ను సగానికి విరిగింది. నోటినిండా రక్తంతో అమ్మ దగ్గరికెళ్లి "నేనే జారాను" అన్నాడు. పెద్దయ్యాక కూడా ఆ పన్ను కట్టించుకోలేదు. "నవ్వినప్పుడల్లా నీ సంతకం కనపడాలి కదే పిచ్చుకా" అనేవాడు. పిచ్చుక అని పిలిచింది ఈ లోకంలో అతనొక్కడే.

పేరుకి పిచ్చుకేగానీ నలుగురిలో ఆమె గొంతు పెగిలేది కాదు. పాడితే అన్నయ్య ఎదుటే పాడాలి. రోజూ పని అయ్యాక, పొద్దు వాలే వేళ, జిగురు చేతులు కడుక్కుని వచ్చి పెట్టె ముందు కూర్చునేది. తనే వాయించుకుంటూ పాడేది. అన్నయ్య ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెట్టె పైచెక్కకి గడ్డం ఆనించి, కళ్లు ఆమె మొహం మీదే ఉంచి వినేవాడు. మధ్యమధ్య తల ఊపేవాడు. అయ్యాక, "రెండో చరణంలో తొందరపడ్డావ్" అనేవాడు, లేకపోతే "ఇవాళ బాగుందే" అనేవాడు. పోవడానికి వారం ముందు, "ఇంక నువ్వు సభలో పాడొచ్చు పిచ్చుకా. నేను చెబుతున్నానుగా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే సంస్మరణ సభలో పాడతానని సంఘం వాళ్లకి ఒప్పుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మూడొందలమంది ముందు.

ఇక ఎలుకల సంగతి చెప్పాలి. రెండేళ్లుగా ఆ గదికి ఎలుకల బెడద పట్టుకుంది. బాగుచేయడానికొచ్చిన పెట్టెల పైచెక్క అంచుల మీద గాట్లు పడుతుండేవి. వరసగా చిన్న చిన్న గాట్లు. ఆమె బోను పెట్టింది, బోనులో రొట్టెముక్క పెట్టింది. ఒక్క ఎలుకా పడలేదు. వెనకవీధి నుంచి పిల్లిని తెచ్చింది. ఆ మహాతల్లి కొత్త తిత్తి మీద పడుకుని సాయంత్రందాకా లేచేది కాదు. "చాలా తెలివైన ఎలుకే పిచ్చుకా, మన బోనుకి పడే రకం కాదు" అనేవాడు అన్నయ్య. బోనులో ఎండిపోయిన రొట్టె తీసి కొత్తది పెట్టేవాడు కూడా తనే. ఆమె ఎలుకల్ని తిట్టుకుంటూ గరుకు కాగితంతో గాట్లు రుద్ది, రంగు పూసి పెట్టెలు తిరిగిచ్చేది.

అతను పోయింది పట్టపగలు. బాగుచేసిన పెట్టెని సైకిలు వెనక కట్టి, ఫ్యాక్టరీ గోడ పక్కన సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నాడు. వెనక నుంచి రొట్టెల వ్యాను వచ్చింది. చూసినవాళ్లెవరూ లేరు. వ్యాను డ్రైవరు పారిపోలేదు. తనే ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు, ఆస్పత్రి వరండాలోనే కూర్చుని ఏడ్చాడు. "మూడుసార్లు హారన్ కొట్టానండీ. ఆయన తల ఊపాడు. విన్నాడనుకున్నాను. పక్కకి తప్పుకుంటాడని ముందుకొచ్చాను" అని స్టేషన్‌లో రాయించాడు.

ఆ మాట విన్నాక ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, స్టేషన్‌లో రైటరు ముందు తన మాట తను రాయించింది. "మా అన్నయ్యకి చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఊళ్లో అంత చెవి ఇంకెవరికీ లేదు. ఆ చెవే మా ఇంటికి అన్నం పెట్టింది. హారన్ కొట్టి ఉంటే అది ఏ స్వరమో కూడా చెప్పేవాడు. వీడు కొట్టలేదు. అబద్ధం." రైటరు అంతా రాసుకుని చదివి వినిపించాడు. ఆమె సంతకం పెట్టింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

డ్రైవరు లైసెన్సు లాగేసుకున్నారు. బెయిలు మీద బయటికొచ్చి ఒకసారి ఇంటికొచ్చాడు. "అమ్మా, నేను హారన్ కొట్టానమ్మా" అని ఇంకా ఏదో అనబోతుంటే అతని మొహం మీదే తలుపు వేసింది. వాయిదా వచ్చే గురువారం. తేలాల్సింది ఒక్కటే, హారన్ కొట్టాడా లేదా అని. అతని మాట ఒకటి, ఆమె మాట ఒకటి. ఆ చెవి సంగతి తెలిసిన ఊరంతా ఆమె వైపే.

సోమవారం పొద్దున బడిలో పాటల టీచరు పెట్టె మోసుకుని వచ్చింది. ఆవిడకి లొడలొడా మాట్లాడే అలవాటు. "ఒక మెట్టు లేవట్లేదండీ. ఇంకోటి, ఏమనుకోకండి, మీ ఎలుకలు మా పెట్టెని కూడా కొరికాయి. మాస్టారు పోవడానికి ముందు ఆయన చేతుల మీదుగానే తీసుకెళ్లాను, తర్వాత చూసుకున్నాను, బాధలో ఉన్నారని చెప్పలేదు."

"ఇటివ్వండి, రుద్దేస్తాను" అని ఆమె గరుకు కాగితం తీసింది. మెత్తచెక్క పెట్టె అది. గాట్లు కాస్త లోతుగా, స్పష్టంగా పడ్డాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. ఒకటి, రెండు, మూడు గాట్లు. నాలుగోచోట సగమే. మళ్లీ ఒకటి, రెండు.

సగం గాటు.

ఆమె ఆ సగం గాటు మీద వేలు పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఎదురుగా కూర్చుని నవ్విన నోరు అది. ఆ సగం పన్ను విరగ్గొట్టింది తనే. ఎవరికి తెలియకపోయినా తనకి తెలియదా?

"టీచరుగారూ, కాస్త కూర్చుని ఇది వాయిస్తారా? వాయిస్తూ పాడండి. ఏదో ఒకటి."

"ఇప్పుడా? మెట్టు లేవట్లేదంటే..."

"మిగతావి లేస్తాయిగా. పాడండి."

టీచరు వింతగా చూస్తూనే మొదలుపెట్టింది. చెల్లెలు తన రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని, పైనుంచి వేళ్లు బిగించి, వంగి పెట్టె అంచుని పళ్లతో పట్టుకుంది. పెట్టె మొత్తం ఆమె తలకాయలోకి వచ్చేసింది. స్వరం స్వరం పుర్రెలో మోగింది. ఒక మెట్టు దగ్గర రెండు రీడ్లూ కాస్త తేడాగా ఉన్నట్టున్నాయి, పళ్లు జివ్వుమని వణికాయి. ఓహో, ఇదన్నమాట. ఆ వణుకు ఆగేదాకా గీకడమే. చెవితో పనేముంది!

కళ్లెత్తి చూసింది. పెట్టె మోగుతూనే ఉంది. టీచరు నోరు మాత్రం తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పాట లేదు. పెట్టెకి చెక్క ఉంది, చెక్క పళ్లకి తగులుతుంది, గడ్డానికి తగులుతుంది. మనిషి గొంతుకి ఏముంది తగలడానికి?

"ఏమైందండీ?" అంది టీచరు, ఆమె దూది తీసేశాక.

"ఎలుక దొరికిందండీ" అంది ఆమె.

టీచరుని పంపేసి వంటింట్లోకి వెళ్లింది. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి గిన్నె మీద మూత తీస్తోంది.

"అమ్మా, అన్నయ్యకి వినపడదా?"

మూత తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు?" అంది అమ్మ.

కాదు అనలేదు. ఛీ నోర్ముయ్, అవేం మాటలు అనలేదు. ఎవరు చెప్పారు అంది.

"ఎన్నాళ్లయింది?"

"ఎడమది పోయి మూడేళ్లు దాటింది. కుడిది ఆ తర్వాత ఏడాదికల్లా."

"నీకెప్పుడు తెలుసు?"

"డాక్టరు దగ్గరికి తోడు వెళ్లింది నేనేగా."

"మీరు వెళ్లింది నీ మోకాళ్ల నొప్పుల కోసం! నెలనెలా నీ మోకాళ్లనేగా చెప్పి వెళ్లారు!"

"నా మోకాళ్లకేమీ లేదే" అంది అమ్మ నెమ్మదిగా.

మూడేళ్లు! మూడేళ్లు ఆ మోకాళ్లకి వేడి నూనె రాసింది. నడుం పట్టేసినా, చేతులు జిగురుతో పగిలిపోయినా, అయ్యో అమ్మ మెట్లెక్కలేకపోతోందని రాసింది. ఆవిడ హాయిగా కాళ్లు చాపి రాయించుకుంది. ఇంతకన్నా ఏం కావాలండీ మనిషి ఒళ్లు మండడానికి? ఇంట్లో ఉన్నది ముగ్గురు. అందులో ఇద్దరు ఒక జట్టు. మూడోది తెలివితక్కువది, బోను పెట్టుకుంటూ, పిల్లిని మోసుకుంటూ తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు వేయించుకున్నాడే. 'చెల్లికి తెలిస్తే ఇంక పాడదమ్మా. నా ఎదుట తప్ప అది ఎక్కడ పాడుతుంది?' అన్నాడు. నిన్ను సంతోషపెట్టాలనేగా వాడి తాపత్రయమంతా."

"అయితే బాగుంది బాగుంది అన్నదంతా..."

అమ్మ గిన్నె మీద మూత పెట్టేసింది.

"రెండో చరణంలో తొందరపడ్డావ్ అనేవాడే!"

"నువ్వు చిన్నప్పటి నుంచీ అక్కడ తొందరపడతావుగా" అంది అమ్మ.

ఆ మాట కత్తిలా దిగింది. ఎన్ని సాయంత్రాలు! గొంతులో జీర వచ్చిన రోజు, స్వరం జారిన రోజు, తనకే తెలిసేలా పాడుచేసిన రోజు కూడా, బాగుందే అన్నాడు. తన గొంతు ఎలా ఉందో ఇప్పుడు ఆమెకి ఎవరు చెప్పాలి? ఉన్న ఒక్క సాక్షీ దొంగసాక్షి అని తేలింది. మంచివాడట, మంచివాడు! మెట్ల మీంచి పడ్డ రోజే అబద్ధం నేర్చుకున్నాడు, దాన్ని మంచితనమని అందరూ మెచ్చుకున్నారు, తనూ మెచ్చుకుంది. చచ్చిపోయినవాడి మీద అంత కోపం వస్తుందని ఆమెకి తెలియదు. లేపి చెంప పగలగొట్టాలనిపించింది. లేపగలిగితే చెంప పగలగొట్టేది కాదేమో, అది వేరే సంగతి.

కాసేపటికి అసలు విషయం తట్టింది.

"స్టేషన్‌లో నా పక్కనే కూర్చున్నావు. చీమ చిటుక్కుమన్నా వినపడుతుందని నేను రాయిస్తుంటే వింటూ కూర్చున్నావు."

"ఏం చెప్పమంటావే? చెవిటివాడు శ్రుతి చేశాడని తెలిస్తే ఊళ్లో ఒక్కరైనా ఊరుకుంటారా? పెట్టెలన్నీ మోసుకొచ్చి గుమ్మంలో పడేస్తారు. బిడ్డ ఎలాగూ పోయాడు, వాడి పేరు కూడా పోవాలా?"

"మరి ఆ డ్రైవరు?"

"గుద్దింది వాడే కదా."

"హారన్ కొట్టాడమ్మా. మూడుసార్లు కొట్టాడు."

"నువ్వు చూశావా?" అని అమ్మ ఒక్కసారిగా గొంతు పెంచింది. తర్వాత పొయ్యి ఆర్పేసి ఇటు తిరిగింది. "వాణ్ని ఆ రోజు పెట్టె ఇచ్చి రమ్మని పంపింది నేను. వినపడదని తెలిసి రోడ్డు మీదికి పంపింది నేను. ఇదంతా బయటికొస్తే ఎవరిని అంటారో తెలుసా నీకు?"

ఆమె అమ్మ వంక చూసింది. జాలేసింది. జాలి వేసినంత మాత్రాన కోపం పోతుందా?

"గురువారం దాటనీ. ఆ తర్వాత నీ ఇష్టం" అంది అమ్మ.

"దాటాక ఇంకేం మిగులుతుందమ్మా నా ఇష్టానికి?"

ముందుగదిలోకి వచ్చి రిజిస్టరు తెరిచింది. అవే మాటలు. తల తిప్పకుండా మొహంలోకే చూసేవాడు. పెదాలు చూడకపోతే ఏం తెలుస్తుంది పాపం! పని ఆపేసి వినేవాడు. రెండు పనులు ఒకేసారి కళ్లతో ఎలా చేస్తాడు? గొంతు మెత్తబడింది. తన గొంతు తనకే వినపడకపోతే మరేమవుతుంది? ఊరంతా సాక్ష్యం రాసి బల్ల మీద పెట్టి వెళ్లింది, ఒక్కరికీ అర్థం కాలేదు. బట్టలకొట్టాయన గంటసేపు ఏడ్చిన ఏడుపులో అన్నయ్యకి ఎంత అందిందో దేవుడికే తెలియాలి. అయినా ఆయన తేలికపడి ఇంటికెళ్లాడు. ఆమె రిజిస్టరు మూసి, బోను తీసుకెళ్లి చెత్తలో పడేసింది. పిల్లి వచ్చి ఆమె కాళ్లకి రాసుకుంది. దాన్ని కూడా కసురుకుంది.

మర్నాడు పొద్దున్నే చెల్లెలు ఆ పాటల టీచరు పెట్టెని సైకిలు వెనక కట్టుకుని బయల్దేరింది. అమ్మ గుమ్మంలో నిలబడింది, ఎక్కడికని అడగలేదు. దారిలోనే రొట్టెల ఫ్యాక్టరీ. డ్రైవరు ఇప్పుడు అక్కడ వాకిట్లో ఇనప పళ్లేలు కడుగుతున్నాడు. ఆమెని చూసి లేచి, తడిచేతులు చొక్కాకి తుడుచుకుని, తలవంచుకుని పక్కకి తప్పుకున్నాడు. ఆమెకి సైకిలు ఆపాలనిపించింది. ఆపింది కూడా.

"తల ఎలా ఊపాడు?" అని అడిగింది.

అతను భయపడుతూనే ఊపి చూపించాడు. కొంచెం పక్కకి, నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు. ఆ ఊపు ఆమెకి తెలుసు. ఏ పాట లోపల నడుస్తుంటే తల అలా ఊగుతుందో కూడా దాదాపు తెలుసు. సైకిలెక్కి ముందుకెళ్లింది.

స్టేషన్‌లో ఆ రైటరే ఉన్నాడు. ఆమె పెట్టె బల్ల మీద పెట్టి, అంచు చూపించి, సగం గాటు చూపించి, మొదటినుంచీ చెప్పింది. ఎలుకల దగ్గర అతనికి నవ్వు రాబోయి ఆగింది. అమ్మ మోకాళ్ల దగ్గర పెన్ను కింద పెట్టాడు.

"మీరు ముందు రాయించిన దానికి ఇది పూర్తిగా అడ్డం తిరుగుతోందమ్మా. గురువారం వాయిదాలో మిమ్మల్నే అడుగుతారు. ఊళ్లోవాళ్లు కూడా అడుగుతారు."

"అడగనివ్వండి."

"ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే గదిలో పనిచేశారు. వినపడుతుందని అంత గట్టిగా ఎలా చెప్పారప్పుడు? దేన్నిబట్టి చెప్పారు? అది రాయాలి నేను."

ఆమె ఆ పంటిగాట్ల మీద వేలు పెట్టింది.

"రోజూ సాయంత్రం అతని ఎదుట పాడేదాన్నండీ" అంది. "పాడుతుంటే తల ఊపేవాడు. విన్నాడనుకున్నాను."

రైటరు తలెత్తి ఆమె వంక చూశాడు. ఆ మాట అతను ఇంతకుముందు ఒకసారి రాసుకున్నదే. కాగితం సరిచేసుకుని, మళ్లీ రాశాడు.